తాత పెట్టే కళ్ళు

మొన్న వినాయకచవితి ముందురోజు మాంబళం మార్కెట్లో మట్టి వినాయకుణ్ణి కొనడానికి నిలబడ్డాను. అమ్మే మనిషి అచ్చులో తడిమట్టి గుద్ది, పీట మీద బోర్లించి, అచ్చు పైకి లాగి, పక్కనున్న డబ్బాలోంచి రెండు గురివింద గింజలు తీసి ఆ మట్టిముఖంలోకి బొటనవేలితో టక్కుటక్కుమని నొక్కేశాడు. అంతే, అప్పటిదాకా మట్టిముద్దగా ఉన్నది కాస్తా నన్ను చూసింది. ఇంకా కాగితం గొడుగు గుచ్చలేదు, బేరం తెగలేదు, అప్పుడే దేవుడు కళ్ళు తెరిచి నా చేతిసంచీ కేసి అనుమానంగా చూస్తున్నాడు. నేను అలాగే నిలబడిపోతే మా ఆవిడ మోచేత్తో పొడిచింది. "ఆయన తెరిచాడు. ఇక మీరూ తెరవండి కళ్ళు, వెనక జనం ఉన్నారు," అంది. తెరిచే ఉన్నాయని చెప్పబోయి ఊరుకున్నాను. కళ్ళు పెట్టడం ఇంత తేలికా అని ఆశ్చర్యపోతున్నానంటే ఆవిడ నమ్మదు. రెండు కళ్ళ కోసం రెండేళ్ళు తల పట్టుకుని కూర్చున్న డ్రాయింగ్ మాస్టార్ని నేను. చివరికి తల మిగిలింది కానీ కళ్ళు దక్కలేదు.

నేను ఈ ఊరికి వచ్చింది సినిమాల్లో కళాదర్శకుణ్ణి అవుదామని. రంగుల లోకానికని తెనాలిలో రైలెక్కి రంగు పెన్సిళ్ళ లోకంలో దిగాను. నేను ఇటు వస్తున్న రోజుల్లోనే తెలుగు సినిమా సామాను సర్దుకుని హైదరాబాదు రైలెక్కింది. గూడూరు దగ్గర ఎక్కడో ఇద్దరం ఎదురుబొదురుగా దాటి ఉంటాం, ఒకరినొకరం గుర్తుపట్టలేదు. వడపళనిలో కొన్నాళ్ళు సెట్ల వెనక సున్నం బకెట్లు మోసి, మా మేనమామ పుణ్యమా అని చూలై పక్కనున్న ఒక బడిలో చేరాను. ఎప్పుడో పాతకాలపు తెలుగువాళ్ళు పెట్టిన బడి అది. డ్రాయింగ్ మాస్టారి ఉద్యోగం చిత్రమైనదే గాని, అందులో చిత్రాలకి చోటు తక్కువ. లెక్కల మేడమ్ గుమ్మంలో నిలబడి, "మాస్టారూ, ఈ ఒక్క పీరియడూ ఇచ్చేయండి, పోర్షన్ అవలేదు," అనేవారు. ఆ ఒక్క పీరియడూ ఏడాదంతా ఒక్కటే. ఆవిడ ఊళ్ళో లేనప్పుడు సైన్సు మాస్టారు వచ్చేవారు. పదో తరగతి రికార్డు పుస్తకాల్లో నేను వేసినన్ని గుండెకాయలు ఏ ప్రేమికుడూ వేసి ఉండడు. వార్షికోత్సవానికి తెరలు, ఎవరైనా పెద్దమనిషి వస్తుంటే స్వాగతం బోర్డు, ప్రిన్సిపాల్ గారింట్లో సీమంతానికి గుమ్మం ముందు నెమలి, ఇవన్నీ నా ఖాతాలోవే. కొన్ని రోజులైతే పొద్దున అద్దం ముందు గీసుకున్న గడ్డం తప్ప నేను గీసింది ఇంకేమీ ఉండేది కాదు.

అలాంటి రోజుల్లో ఆ పిల్ల తొమ్మిదో తరగతిలో నా క్లాసుకి వచ్చింది. చూలైలో నవరాత్రి కొలువు బొమ్మలు చేసే ఇంటి పిల్ల. ఎన్ని తరాల కిందట ఏ నెల్లూరు వైపునుంచి వచ్చారో వాళ్ళకే గుర్తు లేదు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, బడిలో రెండూ కలిపి ఇంగ్లీషు. పిల్ల చెయ్యి మాత్రం ఏ భాషలోనూ తడబడేది కాదు. మిగతా పిల్లలు మనిషిని వేయమంటే తల ఒక గుండ్రం, ఒళ్ళు ఒక డబ్బా, చేతులు చీపురుపుల్లలు. ఈ పిల్ల వేస్తే చీర కుచ్చిళ్ళు కాగితం మీద జారేవి. బుగ్గ మీద వెలుగు ఎక్కడ పడాలో, ముక్కు పక్కన నీడ ఎంత ఉండాలో అన్నీ కుదిరేవి. కళ అంతా ఉండేది, కళ్ళే ఉండేవి కావు. కనుబొమలు తీరుగా దిద్ది, వాటి కింద తెల్లగా వదిలేసేది. మొదటిసారి చూసి, బొమ్మ పూర్తవలేదేమో అనుకున్నాను. రెండోసారీ అంతే. మూడోసారి నాలో నిద్రపోతున్న కళాదర్శకుడు ఒళ్ళు విరుచుకుని లేచాడు. ఆ కాగితాన్ని క్లాసంతటికీ ఎత్తి చూపించి, ఈ మహానగరంలో మనిషి సాటిమనిషిని చూడడం మానేశాడని ఈ ఖాళీ మనకి చెబుతోందంటూ ఒక ఉపన్యాసం దంచాను. పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు, అందులో సగం ఆవలింతలు. అంతా అయ్యాక ఆ పిల్ల లేచి నిలబడింది. "అదంతా ఇల్ల, ఏమీ లేదు సార్. కండ్లు మా తాత పెడతాడు," అంది. ఆ రోజు క్లాసు నవ్విన నవ్వుకి పక్కగదిలో హిందీ పాఠం ఆగిపోయింది.

తరవాత పిలిచి అడిగితే చెప్పింది. వాళ్ళింట్లో బొమ్మకి మట్టి ఎవరైనా తొక్కొచ్చు, అచ్చు ఎవరైనా తియ్యొచ్చు, రంగులు ఎవరైనా వెయ్యొచ్చు. కళ్ళు మాత్రం ఇంటికి పెద్దయిన ఒక్క మనిషే పెడతాడు. అదీ మంచిరోజు చూసుకుని, తలకి పోసుకుని, ఏమీ తినకుండా, గదికి అడ్డంగా తెర కట్టుకుని. తెర వెనక ఆయనా బొమ్మలూ తప్ప ఇంకెవరూ ఉండకూడదు. కళ్ళు పెట్టాక ఆ బొమ్మని ఇంక కుంచెతో ముట్టకూడదు, ఎంత వంకర వచ్చినా సరే. "చూసేదాన్ని గెలకకూడదు సార్," అంది, చాలా మామూలుగా, చెప్పులు బయట విప్పాలి సార్ అన్నంత మామూలుగా. మట్టి బొమ్మకీ కాగితం మీద బొమ్మకీ తేడా ఉందమ్మా అన్నాను. "ముక్కు ఒకటే గదా సార్ రెండుట్లోనూ," అంది.

నేనూ ఊరికే కూర్చోలేదు, ఉపాయాలు చెప్పాను. మనుషుల్ని వెనక్కి తిప్పి వెయ్యమన్నాను. బస్‌స్టాపు దృశ్యం ఇస్తే జనమంతా మనకి వీపులు చూపించి నిలబడ్డారు, బస్సు మనవైపునుంచి వస్తున్నా సరే. మోటారు సైకిళ్ళ మీద వాళ్ళకి హెల్మెట్లు పెట్టించాను, ఎండలో వాళ్ళకి నల్లకళ్ళద్దాలు పెట్టించాను. పెళ్ళి బొమ్మలో పురోహితుడు కూడా నల్లకళ్ళద్దాలతో తయారయ్యాడు. మూసిన కళ్ళు పెడితే తప్పా అంటే, మూసినవి తాత ఏమీ అనడని ఒప్పుకుంది. దాంతో నా ప్రాణం లేచొచ్చింది. మర్నాడు సంత బొమ్మ వెయ్యమన్నాను. కూరగాయల రంగులు చూస్తే నోరూరేలా వేసింది గాని, అమ్మేవాళ్ళూ కొనేవాళ్ళూ తక్కెడ పట్టుకున్నవాడూ అందరూ కళ్ళు మూసుకుని నిద్రపోతున్నారు. లెక్కల మేడమ్ అటుగా వెళుతూ తొంగి చూసి, "ఏం మాస్టారూ, మీ క్లాసునే వేయించారా?" అన్నారు.

నవ్వుకోవడం తొమ్మిదో తరగతితో ఆగిపోయింది. పదిలో ఆ పిల్ల డ్రాయింగ్‌ని పరీక్ష సబ్జెక్టుగా తీసుకుంది. అన్నానగర్ అవతల ఒక బడిలో పదకొండో తరగతికి డిజైను గ్రూపు పెట్టారు. పదిలో డ్రాయింగ్ మార్కులు బాగా ఉంటేనే అందులో సీటు. ఈ సంగతి పట్టుకొచ్చింది వాళ్ళమ్మ, అంటే తాత కూతురు. ఆవిడ టి. నగర్‌లో ఒక పెద్ద చీరలకొట్లో పనిచేసేది. ఒకరోజు డ్యూటీకి వెళుతూ వెళుతూ బడికి వచ్చి నా గది గుమ్మం దగ్గర నిలబడింది. "నేను పొద్దుగూకులు చీరలు ఇప్పేదీ మడిచేదీ చేస్తా ఉండా సార్. అది ఆ చీరల మింద డిజైను ఏసేదయితే సాలు. కండ్లు పెట్టమని మీరే దానికి చెప్పండి సార్, మీ మాటయితే ఇంటాది," అంది. నా మాట వినే మనిషి ఒకరు ఈ ఊళ్ళో ఉన్నారన్న వార్త నాకు అదే మొదటిసారి. చెప్పాను. పిల్ల వినలేదు. "తాత చెప్తే పెడతా సార్," అంది. పరీక్షలో మనుషుల బొమ్మ తప్పకుండా వస్తుందని, ముఖంలో భావానికి విడిగా మార్కులుంటాయని, ఈసారి నల్లకళ్ళద్దాలు పనిచెయ్యవని మళ్ళీ మళ్ళీ చెప్పాను. తలూపింది. ఆ తలూపడంలో నా మీద జాలి తప్ప ఇంకేమీ కనబడలేదు.

ఇక మిగిలింది తాత. ఒక ఆదివారం చూలై వెళ్ళాను. ఆటో పట్టనంత సన్నటి సందు, రెండువైపులా రేకుల షెడ్లు, ఒకదాంట్లోంచి సుత్తిదెబ్బలు, ఇంకోదాంట్లోంచి వార్నీషు వాసన. వాళ్ళ ఇంటి ముందుగదే కార్ఖానా. తడిమట్టి వాసన, సుద్ద వాసన, వెనకనుంచి పోపు వాసన కలిసి వస్తున్నాయి. గోడ పొడుగునా బల్లల మీద రాముళ్ళూ కృష్ణులూ పచారీకొట్టు చెట్టియార్లూ వరసగా కూర్చుని ఉన్నారు, ఎవరికీ కళ్ళు లేవు. నన్ను వాళ్ళకి ఎదురుగా స్టూలు మీద కూర్చోబెట్టారు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినవాళ్ళ ముందు కూడా నేను అంత ఇబ్బందిగా కూర్చోలేదు. తాత పొట్టి మనిషి, సీసా అడుగులంత మందం అద్దాలు, భుజాన తువ్వాలు. "రాండి సార్, రాండి. బొమ్మల సారు బొమ్మలోళ్ళింటికి వచ్చినారు," అని కోడలికేసి కాఫీ కోసం సైగ చేశాడు. నేను విషయం చెబుతుంటే శ్రద్ధగా విన్నాడు. కాదంటాడనుకుని నాలుగు రకాల వాదనలు సిద్ధం చేసుకుని వెళ్ళాను, ఒక్కటీ వాడనివ్వలేదు.

"దీనికేమి సార్, ఇంత దూరం వచ్చినారు పావం," అన్నాడు. "పరీచ్చ ఎన్ని గంటలకి అయిపోతాది?"

ఒంటిగంటకి అన్నాను.

"సరి. పన్నెండున్నరకి ఆటో ఏసుకోని నేనే ఆడికి వచ్చేస్తా. సుమ్మా రెండు నిమిషాల పని. కండ్లు పెట్టేసి, ఎవురితోనూ మాట్లాడకుండా వచ్చిన దావనే ఎళ్ళిపోతా."

పరీక్ష హాల్లోకి బయటివాళ్ళని రానివ్వరని చెప్పాను.

"నేనేమన్నా కాపీ ఇస్తానా సార్? అచ్చరం ముక్క రాదు నాకు. కండ్లే గదా."

"పోలీసులు పట్టుకుంటారు తాతా," అంది పిల్ల, రంగు గిన్నెలోంచి తలెత్తకుండా.

"పోలీసోళ్ళ ఇంట్లో మాత్రం కొలువు పెట్టరా ఏంది? మన బొమ్మలే గదా వాళ్ళింట్లోనూ ఉండేది!"

ఆయన చెప్పినదాంట్లో తప్పెక్కడుందో పట్టుకోవడానికి నాకు కాస్త టైము పట్టింది. పట్టుకున్నాక, అలాగైతే ఒకే దారి ఉంది పెద్దాయనా, ఆ అధికారమేదో పిల్లకే ఇచ్చేయండి, ఎలాగూ మీ తరవాత చేసేది తనే కదా, అన్నాను. చాలా తెలివిగా మాట్లాడాననుకున్నాను. పిల్ల కుంచె ఆగింది. కాఫీ తెచ్చిన కోడలు గ్లాసులతో గుమ్మంలోనే ఉండిపోయింది. తాత తన కుడిచేతిని ఒళ్ళోని తువ్వాలు కిందికి తోసుకున్నాడు. అప్పుడు చూశాను, ఆ చెయ్యి వణుకుతోంది, తువ్వాలు కింద కూడా వణుకుతూనే ఉంది.

"నా కొడుకు ఈ పని ఒద్దని బండ్లు రిపేరు సేసే షెడ్డు పెట్టుకున్నాడు సార్," అన్నాడు చివరికి. "మట్టి తొక్కేదానికి మనిషిని పెట్టినాం. అచ్చు తీసేది కోడలు. సుద్ద, రంగులు, నగలు అంతా ఈ బిడ్డే. ఇంక నాకు మిగిలింది ఏంది? ఈ రెండు సుక్కలు. అదీ ఇచ్చేస్తే రేపు పొద్దున లేసి నేనేమి సెయ్యాల?"

పిల్లల్ని ప్రశ్నలడగడం అలవాటైన వాణ్ణి. జవాబు వాళ్ళు చెప్పాలి గాని మనం కాదు. ఆ సౌకర్యం ఆ గదిలో దొరకలేదు. కాఫీ వేడిగా ఉందని ఊదుకుంటూ కూర్చున్నాను, అది చల్లారిపోయాక కూడా. బయల్దేరుతుంటే తాత సందు చివరిదాకా వచ్చి, ఆలోచిస్తాలే సార్ అన్నాడు. ఆయన ఆలోచించడం కూడా నాకు అక్కర్లేదని చెప్పేద్దామనిపించింది. అంతలోనే టి. నగర్ కొట్లో చీరలు మడిచే ఆవిడ గుర్తొచ్చింది. ఏ వైపు మాట్లాడినా ఇంకోవైపుకి ద్రోహం చేసినట్టే ఉంది. నా మొహానికి నేనే నల్లకళ్ళద్దాలు పెట్టుకుంటే బావుణ్ణనుకుంటూ ఆటో ఎక్కాను.

పరీక్ష రోజు వచ్చింది. ఆ సబ్జెక్టు చెప్పే మాస్టారు హాల్లో ఉండకూడదని మా బళ్ళో నియమం. పొద్దున్నుంచీ వరండాలో అటూ ఇటూ తిరుగుతూ, బయటినుంచి వచ్చిన పరీక్షాధికారికి టీలు అందించే నెపంతో రెండుసార్లు లోపలికి తొంగి చూశాను. నాకు కనబడింది ఆ పిల్ల జడ ఒక్కటే. ఒంటిగంటకి గంట కొట్టారు. అందరికంటే చివర బయటికి వచ్చింది, చేతివేళ్ళకి ఎర్రరంగు.

మనుషులొచ్చారా అని అడిగాను.

"వచ్చినారు సార్. పూలమ్మే ఆయమ్మ, కొనేవాళ్ళు. మొగంలో బావం కనబడాల అని కూడా రాసిండారు."

మరి?

బ్యాగులోంచి గుడ్డముక్కలో చుట్టిన ఒక సన్నటి కుంచె తీసి చూపించింది. పిడి నున్నగా అరిగిపోయి ఉంది, వెంట్రుకలకి చుక్క తడి అంటలేదు. "పొద్దున బయల్దేరేటప్పుడు తాత నా చేతికి ఇచ్చినాడు సార్. పెట్టుకో పో అన్నాడు. ఇచ్చేసి, గోడపక్కకి తిరుక్కోని పడుకున్నాడు సార్. ఆ టైముకి ఎప్పుడూ పడుకోడు."

నాకు అర్థమైంది, అయినా అడిగాను, పెట్టావా అని.

అడ్డంగా తలూపింది. "పెట్టుంటే ఆయన లెయ్యడు సార్."

ఇంటికి వెళ్ళి ఏం చెబుతావన్నాను. అదీ ఆలోచించుకునే ఉంది. "మనుషులే రాలేదు, పూలకుండీ వచ్చింది అని చెప్తా. కుంచె తిరిగి ఇచ్చేస్తా. మీరు కూడా ఎవురడిగినా పూలకుండీ అనే చెప్పండి సార్. ప్లీజ్ సార్." మాస్టారుగా నేను చెప్పాల్సినవి చాలా ఉన్నాయి. ఇంకా ఎవరూ కాగితాలు తీసుకెళ్ళలేదు, లోపలికి వెళ్ళి బతిమాలుకుంటే అయిదు నిమిషాలు ఇస్తారేమో, నీ జీవితం, మీ అమ్మ ఆశ, ఇలాంటివి. సరేనమ్మా అన్నాను.

సాయంత్రం ఆ పరీక్షాధికారి కాగితాలు సర్దుకుంటూ ఒకటి పక్కకి తీసి చూస్తూ నిలబడ్డారు. పూలమ్మే మనిషి బుట్ట ముందు కూర్చుని మూర కొలుస్తోంది. మల్లెలు వాసన వేస్తున్నాయా అన్నట్టున్నాయి. చెక్కిలి మీద చెమట, పెదవి చివర అలసట. కనుబొమల కింద తెల్లకాగితం. "బంగారం లాంటి చెయ్యి," అన్నారాయన అరవంలో. "టైము చాల్లేదు పాపం." నేను చెబుదామని నోరు తెరిచాను. ఏమని చెప్పను? పూలకుండీ అని మాటిచ్చాను కదా. మూసేశాను.

ఫలితాలొచ్చాయి. అన్నీ పాసయింది, డ్రాయింగ్‌లో మాత్రం ఆ గ్రూపుకి కావలసినన్ని రాలేదు. దగ్గర్లోని బడిలో కామర్సులో చేరింది. వాళ్ళమ్మ ఒకసారి వచ్చి, కోపమంతా మర్యాదలో కలిపి, "పూలకుండీకి కూడా మార్కులు రాలేదంటే ఏం నేర్పినారు సార్?" అని అడిగింది. నిజమే కదా అన్నాను. ఆ మాట చూలైలో రెండు మూడు వీధులు తిరిగి ఉంటుంది. మర్నాటినుంచి కొందరు తల్లిదండ్రులు నన్ను చూసే చూపులో తేడా వచ్చింది. ఇంతకుముందు నన్ను ఎవరూ చూసేవారే కాదు గనక ఒక రకంగా అది అభివృద్ధే. తాత మాత్రం సందు మొదట్లో ఎదురైనప్పుడు నా భుజం తట్టి ఓదార్చాడు. "బాద పడబాకండి సార్. మీకు తెలిసిందే గదా మీరు చెప్పగలిగేది. మా బిడ్డకి పూలకుండీలు రావని నాకూ తెలీదు."

ఆ నవరాత్రులకి ముందు కొలువులోకి సీతారాములు కావాలని మా ఆవిడ అంటే, వేరే చోట కొనడానికి మనసొప్పక మళ్ళీ ఆ సందులోకే వెళ్ళాను. ముందుగది సగానికి తెర కట్టి ఉంది. కళ్ళు పెడుతున్నారు, కాసేపుండండి సార్ అని కోడలు స్టూలు వేసి, తడిచేతులు తుడుచుకుంటూ మళ్ళీ లోపలికి పోయింది. ఈ బొమ్మల వరస కళ్ళకి ఎదురుచూస్తోంది, నేను కాఫీకి ఎదురుచూస్తున్నాను. తెర నేలకి జానెడు ఎత్తులో ఆగిపోయింది. దానికింద పగుళ్ళు వేసిన ముసలి పాదాలు కనబడుతున్నాయి. వాటికి బాగా దగ్గరగా, వెండి పట్టీలతో ఇంకో జత పాదాలు కనబడ్డాయి, మునివేళ్ళ మీద లేచి, కదలకుండా. తెర వెనక ఇంకెవరూ ఉండకూడదన్న మాట నాకు గుర్తుంది. లోపలనుంచి తాత గొంతు వినిపించింది: "మోచెయ్యి గట్టిగా పట్టుకో. నువ్వు చూడబాక. కండ్లు మూసుకో." "మూసుకునే ఉండా తాతా," అంది పిల్ల. నేను స్టూలు గోడవైపు తిప్పుకుని కూర్చున్నాను.

ఆ సీత ఇప్పటికీ మా కొలువులో ఉంది. ఎడమకన్ను కాస్త పైకి పోయింది. చూడవచ్చినవాళ్ళు, రాముడు పక్కనుండగా ఈవిడ అటెటు చూస్తోందండీ అంటారు. ఆ పిల్ల ఇప్పుడు బీకాం చదువుతోంది, తాత ఇప్పటికీ ఏటా తెర కడుతున్నాడు. ఇక ముందు ఏమవుతుందో నాకు తెలియదు, నేను చెయ్యగలిగింది కూడా ఏమీ లేదు. బళ్ళో ఇప్పటికీ గంట కొట్టి కాగితాలు లాక్కుంటుంటే ఆ పరీక్షాధికారి మాట గుర్తొస్తుంది, టైము చాల్లేదు పాపం అని. మాకు తెలిసిందల్లా కాలాన్ని పీరియడ్లుగా, మూడు గంటల పరీక్షలుగా తుంచి పంచడమే. తన కాలంలోంచి కొంత తీసి ఇంకొకరి కాలానికి చప్పుడు లేకుండా ఎలా అతికించాలో ఆ పిల్లకి తెలుసు, నాకు ఈ వయసొచ్చినా ఆ అతుకు ఎక్కడ వేశారో కూడా కనబడదు.